ఊళ్లో పడుకునే బస్సు

అనంతపురం సీమలో బెంగళూరుకు పోవాలంటే రాత్రీ పగలూ బస్సు దొరుకుతుంది. మండలానికి పోయి పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలంటేనే దొరకదు.

రాత్రి ఎనిమిది దాటాక మా ఊరి చింతచెట్టు కింద బస్సు వచ్చి ఆగేది. ఇంజను ఆపినా కాసేపటిదాకా వేడి కక్కుతూనే ఉండేది. పిల్లలం చుట్టూ మూగేవాళ్లం. డ్రైవరన్న చేతిపంపు దగ్గర కాళ్లూ ముఖమూ కడుక్కునేవాడు. కండక్టరన్న తోలుసంచీ ఒళ్లో కుమ్మరించుకుని, గుడి మెట్ల మీద దీపం వెలుగులో చిల్లర లెక్కపెట్టేవాడు. ఎవరో ఒకరింటి నుంచి సంగటి ముద్ద, ఊరుబిండి వచ్చేవి. ఇద్దరూ బస్సులోనే పడుకునేవాళ్లు, ఎండాకాలమైతే టాపు మీద. తెల్లవారుజామున అయిదింటికి హారన్ మోగేది. పాలక్యాన్లు, శెనక్కాయ మూటలు, ఆస్పత్రికి పోయే ముసలమ్మలు, పట్నంలో చదువుకునే పిల్లలు, అందరూ ఆ హారన్‌కే లేచేవాళ్లు.

డిపోల్లో దాన్ని నైట్ హాల్ట్ బస్సు అంటారు. మా ఊళ్లో మాత్రం అది 'మన బస్సు'. రాత్రిపూట ఏ ఇంట్లోనైనా నొప్పులు మొదలైతే 'బస్సుందిలే' అనే ధైర్యం ఉండేది. ఆ బస్సు ఎన్నిసార్లు అలా అక్కరకొచ్చిందో నాకు గుర్తులేదు. ఆ ధైర్యం మాత్రం బాగా గుర్తుంది.

మంచి రవాణా ఎక్కడుంది, చెడ్డది ఎక్కడుంది అని మాట్లాడేటప్పుడు మనం మెట్రో రైళ్లు, ఏసీ బస్సులు, సెల్‌ఫోన్లో కనబడే వేళలు లెక్కలోకి తీసుకుంటాం. నగరాలకు ఆ కొలతలు సరే. ఈ కరువు నేల మీద నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఆ ఊళ్లో రాత్రి బస్సు పడుకుంటుందా? పొద్దున పనికో బడికో పోయినవాళ్లు చీకటిపడేలోగా ఇంటికి రాగలరా?

గడప గడపకూ దూరమే

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయేదాకా అనంతపురం రాష్ట్రంలోకెల్లా పెద్ద జిల్లా. విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, మండలాలు 63. 2011 జనాభా లెక్కల్లో 40 లక్షల పైచిలుకు జనం తేలారు. అంటే చదరపు కిలోమీటరుకు 213 మంది. అదే లెక్కల్లో కృష్ణా జిల్లాలో ఆ సంఖ్య 500 దాటింది. అక్కడ ఊరు అయిపోకముందే ఇంకో ఊరు మొదలవుతుంది. ఇక్కడ ఊరు దాటితే ఎర్రనేల, గుట్ట, ఎండిన వంక, మళ్లీ ఎర్రనేల. ఈ మధ్య కొత్తగా గాలిమరలు. రెండు స్టేజీల మధ్య చెయ్యెత్తే మనిషి ఉండడు. బస్సుకు మాత్రం ప్రతి కిలోమీటరుకూ డీజిలు కాలాల్సిందే.

డిపో మేనేజరు ముందు రెండు అంకెలుంటాయి. సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పేది ఓఆర్. కిలోమీటరుకు ఎంత రాబడో చెప్పేది ఈపీకే. జనం పలచగా ఉన్న నేల ఈ రెండు అంకెల్లో ఎప్పుడూ ఓడిపోతుంది. పైగా ఇక్కడ సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు. అదీ కుదురుగా పడదు. వాన పడకపోతే శెనక్కాయ లేదు, శెనక్కాయ లేకపోతే చేతిలో డబ్బు లేదు, డబ్బు లేకపోతే ప్రయాణం లేదు. అంకెలు చూసి సర్వీసు తీసేయాలనుకుంటే కరువేడులోనే తీసేయాలి. కూలి వెతుక్కుంటూ నలుగురు నాలుగు దిక్కులా తిరగాల్సిందీ ఆ కరువేడులోనే.

ఈ అంకెల్లో కనబడని సంగతి ఇంకొకటి ఉంది. గుట్ట కింది పల్లెలో ఎక్కిన మనిషి ఆ చిన్న బస్సుకు ఇచ్చేది కొద్ది డబ్బులే. అదే మనిషి ధర్మవరంలోనో కదిరిలోనో దిగి, దూరం పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కి పెద్ద టికెట్ కొంటాడు. ఆ రాబడి ఎక్స్‌ప్రెస్ ఖాతాలో పడుతుంది, నష్టం పల్లెవెలుగు ఖాతాలో మిగులుతుంది. పల్లె బస్సు తీసేస్తే ఆ మనిషి ఆటో ఎక్కుతాడు, లేదా బైకు కొంటాడు. ఒకసారి బైకు కొన్నవాడు ఎక్స్‌ప్రెస్‌నూ వదిలేస్తాడు. పిల్లకాలువలు పూడ్చి చెరువు నిండలేదనుకోవడం మా సీమ రైతుకు అర్థం కాని లెక్క. రవాణాలో మాత్రం ఆ లెక్కే నడుస్తోంది.

పోవడానికి దారి

గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి 44 పోతుంది. ఆ రోడ్డు పక్కన నిలబడితే అర్ధరాత్రి కూడా దక్షిణం వైపు బస్సు దొరుకుతుంది. అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైన, హిందూపురం నుంచి సుమారు వంద. హిందూపురం వాళ్లకు మెమూ రైలు కూడా ఉంది. పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు. కదిరి, తనకల్లు, నల్లచెరువు వైపు పల్లెల నుంచి బెంగళూరుకు, కేరళకు వలసపోయే కుటుంబాలను ప్రతి ఎండాకాలమూ బస్టాండుల్లో చూస్తాం. సంచుల మీద తల పెట్టి పడుకున్న పిల్లలు, ప్లాస్టిక్ బిందెలో సర్దిన వంట సామాను, తాళం చెవి ముడేసుకున్న కొంగు.

పాత్రికేయుడు పి.సాయినాథ్ 2003లో మహబూబ్‌నగర్ నుంచి ముంబయికి పోయే బస్సు గురించి రాశాడు. అంతకు పదేళ్ల ముందు వారానికి ఒక్కటే ఉన్న ఆ సర్వీసు పదుల సంఖ్యకు పెరగడాన్ని పట్టుకుని, పాలమూరు సేద్యం ఎలా కుప్పకూలిందో చెప్పాడు. అనంతపురానిదీ ఆ పాఠమే. కరువు ముదిరేకొద్దీ ఊరు విడిచిపోయే బస్సులు పెరిగాయి. వాటిలో సీట్లు నిండుతాయి కాబట్టి అవి 'మంచి రూట్లు'. ఊళ్లోనే ఉండి, పక్క టౌనులో పని చేసుకుని, రాత్రికి ఇంట్లో అన్నం తిందామనుకునే మనిషికి కావలసిన బస్సు మాత్రం ఎప్పుడూ 'నష్టాల రూటే'. పొద్దున ఏడింటికి కళ్యాణదుర్గంలో దించి, రాత్రి ఏడింటికి మళ్లీ ఎక్కించుకునే బస్సు ఒకటుంటే ఎంతమంది ఊరు వదలకుండా ఉండేవాళ్లో ఎవరూ లెక్క తీయలేదు. వలసను ఆపడానికి పెట్టే ఖర్చులో ఆ బస్సునూ చేర్చాలని నేను గట్టిగా నమ్ముతాను.

బస్సు రూట్లకు ముఖ్యమంత్రి పదవి

బస్సు రూటు చిన్న విషయం అనుకునేవాళ్లకు ఈ జిల్లా మనిషి కథ ఒకటి చెప్పాలి. నీలం సంజీవరెడ్డిది ఇల్లూరు. 1962లో రెండోసారి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ రోజుల్లో జిల్లా తరవాత జిల్లాగా ప్రైవేటు బస్సు రూట్లను జాతీయం చేస్తున్నారు. కర్నూలు జిల్లా రూట్ల వంతు వచ్చినప్పుడు అక్కడి బస్సు యజమానులు కోర్టుకెక్కారు. ముఖ్యమంత్రి తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే ముందు ఈ రూట్లను ఎంచుకున్నాడన్నది వాళ్ల ఆరోపణ. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ ఆరోపణ తప్పని చెబుతూ ముఖ్యమంత్రి ప్రమాణపత్రం దాఖలు చేయలేదన్న సంగతిని కోర్టు ఎత్తిచూపింది, ఆ పథకాలను కొట్టేసింది. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశాడు. పదమూడేళ్ల తరవాత రాష్ట్రపతి భవన్‌కు చేరిన మనిషి ఆయనే.

ఆ రాజీనామాను రాజకీయ నైతికతకు ఉదాహరణగా చెబుతుంటారు. నాకు అందులో ఇంకొకటీ కనబడుతుంది. బస్సు రూటు ఎవరి చేతిలో ఉండాలన్నది అప్పట్లో ఒక ముఖ్యమంత్రి పదవి అంత బరువైన ప్రశ్న. ఇప్పుడు ఒక పల్లెకు బస్సు ఆగిపోతే జిల్లా పేజీలో రెండు వాక్యాల వార్త కూడా అరుదు.

ఆ జాతీయీకరణ వెనక ఒక మాట ఉంది. ప్రైవేటు యజమాని కలెక్షను ఉన్న దారిలోనే తిప్పుతాడు, ప్రభుత్వ సంస్థ మాత్రం రాబడి ఉన్న రూటు డబ్బుతో రాబడి లేని రూటునూ నడుపుతుంది. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా శాఖకు, 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీగా రూపం వచ్చింది. పెద్ద ఊళ్లు తక్కువ, పల్లెలు ఎక్కువ ఉన్న సీమకు, రాబడి లేని రూటునూ నడుపుతామన్న ఆ మాట కంటే కావలసింది లేదు. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. బడిలో పంతులమ్మకు జీతం ఇచ్చేటప్పుడు ఈపీకే అడగం. ఊరి ఆస్పత్రిలో నర్సమ్మకూ అడగం. అదే ఖజానా నుంచి జీతం తీసుకునే డ్రైవరన్న నడిపే బస్సుకు మాత్రం ఇంకా కిలోమీటరు లెక్క ఎందుకు?

ఆటోలో కూలి ప్రయాణం

బస్సు ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉండదు. ఒకప్పుడు కమాండర్ జీపులు, ట్రాక్సులు ఆ చోటు నింపాయి. లోపల ఇరవైమంది, టాపు మీద పదిమంది. ఇప్పుడు ఆటోలు. అనంతపురం నగరంలోనూ రాజ్యం షేర్ ఆటోదే. టవర్ క్లాక్ నుంచి పాతూరుకు పోవాలన్నా, రుద్రంపేటకు పోవాలన్నా ఆటో వైపే చూస్తాం. ఆటో అన్నలను తప్పుపట్టడానికి లేదు. బస్సు పోని దారిలో, పోని వేళలో వాళ్లే దిక్కు.

కాని ఆ దారిలో ప్రాణాలు పోతున్నాయి. 2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలికి పోతున్న ఆడవాళ్ల ఆటో మీద కరెంటు తీగ పడి అయిదుగురు కాలిపోయారు. 2024 నవంబర్ 23న గార్లదిన్నె మండలం తలగాసిపల్లి దగ్గర కూలీల ఆటోను బస్సు ఢీకొంది. పోయినవాళ్లు పుట్లూరు మండలం ఎల్లుట్ల వాళ్లు. అరటి తోటలో పని ముగించుకుని ఇంటికి వస్తున్నారు. రెండుసార్లూ తీగ గురించి, వేగం గురించి, ఎక్కువమందిని ఎక్కించడం గురించి మాట్లాడుకున్నాం. అన్నీ అవసరమే. అంతమంది ఒక ఆటోలో ఎందుకు కూర్చున్నారన్నది మాత్రం తక్కువ మాట్లాడుకున్నాం.

జిల్లాలో సేద్యం మారింది. శెనక్కాయ చేలల్లో కొన్ని చీనీ, అరటి, దానిమ్మ తోటలయ్యాయి. డ్రిప్పు ఉన్న చోటే పని ఉంది. కూలి ఇప్పుడు సొంత ఊళ్లో కాదు, ఇరవై ముప్పై కిలోమీటర్ల అవతల. మన బస్సు వేళలు ఇంకా పాత దారిలోనే ఉన్నాయి. పల్లె నుంచి టౌనుకు, ఆఫీసు వేళకు, కాలేజీ వేళకు. ఆడకూలీలు తెల్లవారకముందే సద్ది కట్టుకుని బయలుదేరతారు. వాళ్లు పోయేది టౌనుకు కాదు, ఇంకో పల్లె చేనికి. ఆ దిక్కుకు, ఆ వేళకు రూటే లేదు. మేస్త్రీ ఆటో మాట్లాడతాడు. కూలిడబ్బులో నుంచి ఆటో ఖర్చు తీసేస్తారు. ఎక్కువమంది ఎక్కితే తలకు తక్కువ పడుతుంది. అందుకే ఎక్కుతారు.

బస్సు ఉన్నంత మాత్రాన సరిపోదన్నది కూడా ఈ జిల్లా నేర్చుకుంది. 2015 జనవరిలో పెనుకొండ–మడకశిర దారి ఘాట్‌లో కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సు లోయలో పడి పదిమందికి పైగా పోయారు. ఎక్కువమంది పుస్తకాల సంచులు తగిలించుకున్న పిల్లలు.

మూడువైపులా మనమే

మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం మధ్యలోకి పావగడ చొచ్చుకువచ్చి ఉంటుంది. మూడువైపులా ఆంధ్ర, పాలన కర్ణాటకది, మాట తెలుగూ కన్నడమూ. ఇక్కడివాళ్లు ఒకే రోజులో రెండు రాష్ట్రాల బస్సులెక్కుతారు. 2022 మార్చిలో పావగడ దగ్గర జనంతో కిటకిటలాడిన ప్రైవేటు బస్సు బోల్తాపడి విద్యార్థులు చనిపోయారు. పెనుకొండ ఘాట్‌లో జరిగినదానికీ దీనికీ మధ్య రాష్ట్రం మారింది, బస్సు యజమాని మారాడు. పిల్లలు కిక్కిరిసి ఎక్కడం ఒక్కటే మారలేదు.

కర్ణాటక 2023 జూన్ 11న శక్తి పథకంతో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసింది. తెలంగాణలో ఆ ఏడాది డిసెంబర్‌లో మహాలక్ష్మి వచ్చింది. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైంది. రొళ్ల, అగళి, అమరాపురం వాళ్లకు అనంతపురం వంద కిలోమీటర్ల పైచిలుకు, సంతకూ సామానుకూ కర్ణాటకలోని శిర దగ్గర. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ ఉంటాయి. శక్తి కర్ణాటక నివాసులైన ఆడవాళ్లకే, స్త్రీశక్తి అంతర్రాష్ట్ర సర్వీసులకు లేదు. పుట్టినిల్లు హద్దుకు అవతల ఉన్న అక్కకు, ఆ హద్దు దాటగానే టికెట్ మొదలవుతుంది. ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని హద్దు మండలాల వరకైనా దీన్ని సరిచేయడం కష్టమైన పని కాదు.

స్త్రీశక్తి మంచి పథకం, అనుమానం లేదు. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ అయిదు రకాల బస్సుల్లో జీరో టికెట్ ఇస్తారు. ఆస్పత్రికి పోవడానికి మొగుణ్ని డబ్బులడగాల్సిన అవసరం తప్పింది. బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) ఆస్పత్రికి ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చే తల్లులకు అదెంత పెద్ద మాటో అక్కడి బస్టాపులో పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. కాని జీరో టికెట్ పుట్టేది బస్సులోనే. బస్సు రాని ఊరి ఆడమనిషికి ఈ పథకం ఇంకా మొదలు కాలేదు. ఆమె ఆటోకు డబ్బులిచ్చి మెయిన్ రోడ్డు దాకా వచ్చి, అక్కడ ఉచిత బస్సు ఎక్కుతోంది.

ఆ జీరో టికెట్ ఇంకో మేలు కూడా చేయగలదు. ఏ స్టేజీలో, ఏ వేళకు, ఎంతమంది ఆడవాళ్లు ఎక్కి ఎక్కడ దిగారో కండక్టరు చేతిలోని టికెట్ మిషన్‌లో నమోదవుతుంది. ఆడవాళ్లు ఎటు పోతున్నారన్న లెక్క ఇంత వివరంగా మన దగ్గర ఇదివరకు లేదు. ఆ లెక్క ప్రభుత్వానికి పంపే బిల్లుగా మిగిలిపోకూడదు. డిపోలో కొత్త టైం టేబుల్ రాసేవాళ్ల బల్ల మీదకు రావాలి.

వేరే చోట్ల

తమిళనాడు 1997లో పెద్ద బస్సు పట్టని పల్లెదారులకు మినీ బస్సులు తెచ్చింది. మంచి ఆలోచన. మన గుట్టదారుల్లో యాభై సీట్ల బండి అయిదారుగురితో తిరిగే కంటే ఇరవై సీట్ల బండి రోజుకు మూడుసార్లు తిరగడం మేలు. కేరళ 2022లో గ్రామవండి మొదలుపెట్టింది. పంచాయతీ డీజిలు ఖర్చు భరిస్తే కేఎస్‌ఆర్టీసీ బస్సునూ సిబ్బందినీ ఇస్తుంది. ఎటు పోవాలి, ఎప్పుడు పోవాలి అన్నది పంచాయతీ చెబుతుంది. మన పంచాయతీలు కరెంటు బిల్లు కట్టడానికే తడుముకుంటాయి, డీజిలు భారం మోయలేవు. కాని వేళను ఊరే నిర్ణయించడంలో ఖర్చేమీ లేదు. తాడిమర్రిలో ఆడకూలీలను కూర్చోబెట్టి అడిగితే రూటు మ్యాపు గీసి ఇస్తారు.

స్విట్జర్లాండ్‌లో ఏడాది పొడుగునా వందమంది కాపురముండే చోటు దేనికైనా ప్రజా రవాణాకు ప్రభుత్వ సాయం దొరికేలా నిబంధన ఉంది. కొండల మధ్య పల్లెలకు పసుపుపచ్చ పోస్టు బస్సులు పోతాయి. వాళ్లు డబ్బున్నవాళ్లు కదా అంటారు. ఆ డబ్బు సంగతి పక్కనపెట్టి ఆ అంకె చూడండి. బస్సు వేయడానికి వాళ్లు పెట్టుకున్న కొలత సీట్లు ఎన్ని నిండాయన్నది కాదు, మనుషులు ఎంతమంది ఉన్నారన్నది.

మనకు చేతకాదనీ అనలేం. పుట్టపర్తిని చూడండి. ఒక చిన్న పల్లెకు 1990లో విమానాశ్రయం వచ్చింది, 2000లో ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ వచ్చింది. దేశదేశాల నుంచి సత్యసాయి బాబా భక్తులు వచ్చారు కాబట్టి దారులన్నీ అక్కడికి చేరాయి. ఇప్పుడది జిల్లా కేంద్రం. మడకశిర అవతలి పల్లె నుంచి కలెక్టరమ్మకో కలెక్టరయ్యకో అర్జీ ఇవ్వడానికి వచ్చే ముసలాయన పెనుకొండలోనో హిందూపురంలోనో బస్సు మారి, తిరుగు బస్సు కోసం లెక్క చూసుకుంటూ ఉంటాడు. రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం, పావగడ, మడకశిరల మీదుగా తుమకూరుకు వేసే రైలుమార్గం పదిహేనేళ్లకు పైగా సాగుతూనే ఉంది. రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం దాటి కదిరిదేవరపల్లి దాకా ప్యాసింజరు వస్తోంది. మిగతా దారి కోసం ఆ పల్లెలు ఇంకా ఎదురుచూస్తున్నాయి.

రైలు దాకా ఎందుకు, పిల్లల చదువు సంగతే చూడండి. ఆడపిల్లలకు పదో తరగతి దాకా ఉచిత బస్సు పాసు ఉండేది. ఇప్పుడు స్త్రీశక్తి ఉంది కాబట్టి ఆ తరవాతా డబ్బు గొడవ లేదు. అయినా ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్నది పల్లె ఇళ్లలో ఇంకా బస్సు వేళను బట్టే తేలుతోంది. సైన్సు గ్రూపుకు ప్రాక్టికల్స్ ఉంటాయి. ప్రాక్టికల్స్ అయ్యేసరికి సాయంత్రం దాటుతుంది. చివరి బస్సు అంతకుముందే పోతుంది. 'చీకట్లో ఎట్లొస్తావు తల్లీ' అని నాయన అడుగుతాడు. ఆ పిల్ల దగ్గర దానికి జవాబు లేదు, డిపోలో ఉంది.

సాయంత్రం కళ్యాణదుర్గం బస్టాండులో ఎప్పుడైనా కూర్చుని చూడండి. చీకటి పడుతున్నకొద్దీ బెంగళూరు బోర్డు దగ్గర జనం పెరుగుతారు. పల్లె బస్సులు ఆగే చోట జనం తగ్గరు, కదలరు. కూరగాయల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకున్న అమ్మలు, యూనిఫాం పిల్లలు, మందుల చీటీ జేబులో పెట్టుకున్న తాతలు. వచ్చిన ప్రతి కండక్టరన్ననూ ఒకటే అడుగుతారు: 'అన్నా, మా ఊరి బస్సు ఉందా, పోయిందా?'